బరువు మోసినవాటి పక్షాన

ముప్పై నాలుగేళ్లు వ్యాగన్ల కింద దూరి బతికిన నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఉద్యోగ విరమణ చేసి శృంగవరపుకోటలో మనవలతో పొద్దుపుచ్చుతున్న రోజుల్లో ఈ పుస్తక రచయిత మా అరుగు మీద కూర్చుని, ఒక పాత ఫొటో నా చేతిలో పెట్టి అడిగాడు: "తాతగారూ, ఈ వ్యాగన్ల పక్కగోడలు ఇంత పొట్టిగా ఎందుకున్నాయండీ?"

ఆ ఫొటో శిమిలిగుడ స్టేషనులో తీసింది. పిక్నిక్కుకు వచ్చిన ఒక కుటుంబం నవ్వుతూ నిలబడి ఉంది. వాళ్ల వెనక లూపు లైనులో ఎర్రటి ధూళి కప్పుకున్న ఖనిజం రేక్ ఒకటి ఆగి ఉంది. ఫొటో తీసినాయనకు ఆ రేక్ అడ్డం. మన రచయితకు ఆ కుటుంబం అడ్డం!

నేను టీఎక్స్ఆర్‌ని. అంటే బండి బయలుదేరేముందు చేతిలో సుత్తితో, టార్చిలైటుతో రేక్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ప్రతి చక్రాన్నీ స్ప్రింగునూ కప్లింగునూ చూసి 'ఫిట్' అని రాసిచ్చేవాణ్ణి. ఈ పుస్తకానికి పీఠిక రాయమన్నాడు. పీఠికలు రాయడం నా పని కాదు. "పండితుల దగ్గరికి వెళ్లు బాబూ" అన్నాను. "పండితులు వ్యాగను కిందికి దూరలేదు కదండీ" అన్నాడు. ఆ మాటకు లొంగిపోయాను.

ప్రశ్నకు జవాబు చెప్పాను. ఘనపు మీటరు బొగ్గు టన్నుకు లోపే తూగుతుంది. అంతే చోటులో పట్టే ఇనుప ఖనిజం రెండు టన్నులు దాటుతుంది. బొగ్గుకు ఎత్తయిన గోడలు కావాలి, ఖనిజానికి అక్కర్లేదు. అందుకే బస్తరు కొండల్లోని బైలడిల్లా గని ఖనిజం కోసం నడిపిన బీఓవై వ్యాగనుకు గోడలు పొట్టివి, అడుగు గట్టిది. మేం దాన్ని 'బాయ్' అనేవాళ్లం. సరుకుతో కలిపి 91.6 టన్నులు. నాలుగు ఇరుసులకూ పంచితే ఇరుసుకు 22.9. తరవాత వచ్చిన బాక్స్-ఎన్‌లో చోటు 56 ఘనపు మీటర్లు, మోసేది 58 టన్నుల పైచిలుకు, ఇరుసు బరువు 20.32. దాన్ని అంచుదాకా ఖనిజంతో నింపితే స్ప్రింగులు కూర్చుంటాయి. అందుకే అందులో ఖనిజం అడుగున రెండు కుప్పలుగానే కనిపిస్తుంది. కొండమీంచి చూసేవారు 'సగం ఖాళీగా పోతోందే' అనుకుంటారు. అది ఖాళీ కాదు, నిండు బరువు.

నేను చెబుతుంటే అతను నోటుబుక్కు తీసి ఈ అంకెలన్నీ ముందే రాసుకుని ఉన్న పేజీ చూపించాడు. నాకు తెలుసో లేదో చూద్దామని అడిగాడన్నమాట. కోపం రాలేదు. మా వృత్తిలో ఎవరి మాటా నమ్మకుండా సుత్తితో కొట్టి చూసుకోవడమే మర్యాద.

ఈ పుస్తకం కొత్తవలస–కిరండూల్ లైను మీద తిరిగిన సరుకు బళ్ల చరిత్ర. మనం కేకే లైను అంటాం. ఆ లైను పుట్టిందే వ్యాగన్ల కోసం. 1960లో జపాను ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. బస్తరు కొండల్లోని ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చాలి. మధ్యలో తూర్పు కనుమలు. 58 సొరంగాలు తొలిచి, సుమారు 445 కిలోమీటర్ల దారి వేశారు. అనంతగిరి ఘాట్‌లో అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కుతుంది. సముద్రం పక్కనుంచి బయలుదేరిన పట్టాలు శిమిలిగుడ చేరేసరికి 996 మీటర్ల ఎత్తుకు వెళతాయి. 1968లో బైలడిల్లా గని పని మొదలుపెట్టింది. 1976లో పెద్ద ఓడల కోసం విశాఖలో ఔటర్ హార్బరు వచ్చింది. 1980ల తొలినాళ్లకు కరెంటు తీగ వచ్చింది. ఈ కథ చాలామంది రాశారు, రాసినవారంతా ఇంజన్ల గురించి రాశారు. వాల్తేరు షెడ్డులో కాపురం పెట్టిన హిటాచీ ఇంజన్లకు దేశమంతా అభిమానులున్నారు. వాటి వెనక యాభై, అరవై వ్యాగన్లు ఉన్నాయన్న సంగతి ఫొటోల్లో కూడా కనబడదు. ఇంజను ముక్కు దాటగానే ఫొటో అంచు వచ్చేస్తుంది.

పెళ్లి ఊరేగింపులో చూపులన్నీ పల్లకీ మీదే, బోయీల మీద కాదు. ఈ అబ్బాయి బోయీల పక్షాన నిలబడ్డాడు. ఈ పుస్తకంలో నాకు నచ్చిన మొదటి గుణం అదే.

రెండో గుణం తెలియనిచోట ఆగడం. ఇప్పటి వ్యాగను మీద పదకొండు అంకెల నంబరుంటుంది. మొదటి రెండు అంకెలు రకాన్ని, తరవాతి రెండు ఏ రైల్వేదో, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. తరవాత నాలుగు దాని సొంత సంఖ్య, చివరిది తప్పు పట్టే అంకె. అది చదవగలిగితే కదిలే బండి జాతకం చెప్పొచ్చు. పాతవాటికి ఆ సౌకర్యం లేదు. వాటి ఆనవాళ్లు రంగు కింద, తుప్పు కింద, ఎవరి ఇంటి ఆల్బమ్‌లోనో ఉన్నాయి. రచయిత ఒక్కో ఫొటోనూ భూతద్దంతో చూసి, గోడ మీద బద్దెలు లెక్కపెట్టి, ఓవర్‌హాలు తేదీ కనిపిస్తే రాసుకుని, దానివల్ల ఫొటో ఏ ఏడాదికి ముందుది కాదో తేల్చాడు. దక్షిణ తూర్పు రైల్వే అక్షరాలున్న వ్యాగను కనబడినంత మాత్రాన 2003కు ముందు ఫొటో అని తీర్పు చెప్పలేదు. తూర్పు కోస్తా జోను వచ్చాక కూడా పాత అక్షరాలతో తిరిగిన వ్యాగన్లు నేనే ఎన్నో చూశాను. నిర్ధారణ కానిచోట కానట్టే రాశాడు. 'చూడకుండా ఫిట్ రాయకు' అని మా పాత మేస్త్రీ చెప్పేవాడు. రచయిత ఆ మాట వినలేదు కానీ పాటించాడు.

అతని మిత్రులిద్దరు చేసిన నమూనాల సంగతి ఈ పుస్తకంలో మూడో భాగం. ప్రపంచంలో ఎక్కువమంది అభిరుచికారులు వాడే కొలత 87వ వంతు. ఆ లెక్కన 10.7 మీటర్ల బాక్స్-ఎన్ పన్నెండు సెంటీమీటర్ల చిల్లరకు దిగుతుంది. ఇక్కడే మనవాళ్లకు చిక్కు. బజారులో దొరికే చిన్న పట్టాలు 16.5 మిల్లీమీటర్ల వెడల్పువి. అది అమెరికా, యూరపు దేశాల గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, 87వ వంతు చేస్తే 19 దాటుతుంది. అంటే దొరికే పట్టాల మీద మన వ్యాగను నిలబెడితే కాళ్లు దగ్గరపెట్టుకుని నిలుచున్న పహిల్వానులా ఉంటుంది. చాలామంది సర్దుకుపోతారు. వీళ్లు సర్దుకోలేదు, చక్రాలు విప్పి, ఇరుసులు మార్చి, పట్టాలు సొంతంగా వేసుకున్నారు.

బరువు దగ్గర నాకో వింత తెలిసింది. పొడవు 87వ వంతయితే బరువు 87ను మూడుసార్లు వేసి హెచ్చించినన్నో వంతు అవుతుందట. నిండు బాయ్ 91.6 టన్నులు ఆ లెక్కలో 139 గ్రాములు! వాళ్లు నా అరచేతిలో పెట్టిన వ్యాగను సరిగ్గా అంతే తూగింది. అందులో పోసింది అరకు దగ్గర పట్టాల పక్కన ఏరిన ఖనిజమే, రోటిలో దంచి జల్లించింది. యాభై ఏళ్లకు పైగా జపాను వైపు పోతున్న రాయి మొదటిసారి మా అరుగు మీద ఆగింది. నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. 58 వ్యాగన్ల రేక్ చేస్తే ఏడు మీటర్లు దాటుతుంది, ఏ గదిలోనూ పట్టదు. అందుకని పన్నెండుతో ఆపారు. ఆ పన్నెండూ చాలు.

బొమ్మలతో ఆడుకునే వయసా అని ఎవరైనా అంటే వారికి ఏటికొప్పాక చూపించండి. అంకుడు కర్రకు లక్కరంగులు వేసి రైలుబండి చేసే చేతులు ఈ కొండల కిందే ఉన్నాయి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బొమ్మ బండిని గుర్తుచేస్తుంది, ఈ నమూనా బండిని సాక్ష్యంగా నిలబెడుతుంది. అమెరికాలో నమూనా రైళ్లవారు 1935లోనే జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఒక్క రకం వ్యాగను గోడ మీది రివెట్ల వరసల గురించి పుస్తకాలు రాసేవారు అక్కడున్నారు. మన రైళ్ల అభిమానులు 1989 నుంచి ఒక కూటమిగా సమాచారం పోగేస్తున్నారు. తెలుగులో మాత్రం ఇంత పట్టుదలగా వ్యాగన్ల మీద రాసిన పుస్తకం నా ఎరుకలో ఇదే.

పెద్దవాణ్ణి కనుక ఒక లోపం చెప్పకపోతే తప్పు. ఈ పుస్తకంలో ఇనుముంది, మనుషులు తక్కువ. ఈ లైను కొండదొర, వాల్మీకి, భగత, పోర్జ, కోటియా ఊళ్ల మధ్యనుంచి పోతుంది. రేక్ ఎన్ని వేల టన్నులు మోసినా ఈ ఊళ్లకు దించింది ధూళే. అదే సమయంలో సంతకు పోవడానికి, ఆసుపత్రికి పోవడానికి ఇదే పట్టాల మీది పాసింజరు బండి దిక్కయింది. వానాకాలం కొండచరియలు పట్టాల మీద పడ్డప్పుడు చలిలో తడుస్తూ రాళ్లు తొలగించిన గ్యాంగుమన్‌లు, చివరి బ్రేకువానులో ఒంటరిగా ఊగుతూ రాత్రంతా మెలకువగా ఉన్న గార్డులు, వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. వ్యాగను ఒకరోజు తుక్కుకు పోతుందని మనకు తెలుసు. మనిషి కూడా పోతాడు బాబూ. రెండో ముద్రణకు ముందే వాళ్ల దగ్గరికి వెళ్లు. గోడ మీది బద్దెలు లెక్కపెట్టిన ఓపికతోనే వాళ్ల మాటలూ రాసుకో.

ఆ పని చేస్తాడన్న నమ్మకం ఉంది. కాలం తీరిన వ్యాగన్లు వేలానికి పోయాయి, చాలా కాగితాలు చెదలకు పోయాయి. నేను చేతితో రాసిన పరీక్ష పుస్తకాలు కూడా ఏ మూలనో చిత్తుకు పోయే ఉంటాయి. వీటి లెక్క ఎవరికీ అక్కర్లేదని నేనే అనుకున్నాను. ఈ కుర్రాడు వచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

చివరిగా పాఠకులకు ఒక మనవి. 2017 నుంచి అద్దాల పెట్టెలో కూర్చుని అరకు చూడటానికి వెళుతున్నారు, మంచిదే. దారిలో ఎక్కడో క్రాసింగుకు మీ బండిని ఆపినప్పుడు విసుక్కోకండి. ఎదురొచ్చే గూడ్సు వ్యాగన్లు లెక్కపెట్టండి. ఇంటికెళ్లాక పాత ఆల్బమ్ తీయండి. అరకులోనో బొర్రాలోనో శిమిలిగుడలోనో దిగిన ఫొటో ఉంటే, మీ నాన్నగారి భుజం వెనక వ్యాగను ఏదైనా కనబడుతోందేమో చూడండి. కనబడితే ఆ ఫొటో ప్రతి ఒకటి ఈ రచయితకు చేర్చండి. మీ నాన్నగారిని అడ్డం అనుకోడని నేను హామీ ఇస్తున్నాను.