ముందు ఇంజను, ఆఖరున రంగు

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత యమహా ఆర్‌ఎక్స్ 100ను తక్కువ ఖర్చుతో తమకు నచ్చినట్టు తయారుచేసుకునే వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. 1985లో మన దేశానికొచ్చి 1996లో తయారీ ఆగిపోయిన 98 సీసీ టూ స్ట్రోక్ బండి అది. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో సామాను కొంటారు. రంగు ఆఖరున, ముందు ఇంజనే. అరిగిన సిలిండర్‌కు బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయిస్తారు. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు తగ్గితే వేడికి ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే చప్పుడు చేస్తుంది. ఆ వెంట్రుకవాసి కొలత తప్పనివ్వని మెకానిక్ ఓపికకు దండం పెట్టాలి. పాత బండి కొనేటప్పుడు ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవకుంటే, ఎంత చవకగా వచ్చినా ఆ బండిని వీళ్లు ముట్టరు. అదీ పనితనమే! కొత్త పిస్టన్ పడ్డాక, అది కుదురుకునే వరకు, నిర్మల్ దాకా పోయినా మెల్లగానే నడుపుతారు.