జ్వరంతో లేచే ఎర్రబిళ్ళలు: ఒకే రూపంలో రెండు రోగాలు

ముఖం మీద, మెడ మీద, చేతుల మీద ఒకటి రెండు రోజుల్లోనే ఎర్రని బిళ్ళలు లేచి, తాకితే నొప్పి పెడుతూ, వాటితోపాటు జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చిన మనిషిని చూసినప్పుడు మన దేశపు వైద్యుడికి ముందుగా తట్టేది కుష్ఠు ప్రతిచర్య. కుష్ఠు క్రిములు విస్తారంగా చేరిన రోగుల్లో, మందులు వాడుతున్నప్పుడో, వాడటం ముగిసిన కొన్నేళ్లకో, చచ్చిన క్రిముల శకలాల మీద శరీరం తిరగబడటం వల్ల పుట్టే వాపు ఇది. దీనిని రెండో రకం ప్రతిచర్య అంటారు. అచ్చం ఇదే వేషంలో, చాలా అరుదుగా, కుష్ఠుతో ఏ సంబంధమూ లేని మరొక రోగం వస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో పనిచేసిన రాబర్ట్ డగ్లస్ స్వీట్ 1964లో ఎనిమిదిమంది స్త్రీలలో దానిని వర్ణించడంతో అది స్వీట్ సిండ్రోమ్‌గా పేరుపడింది.

 కుష్ఠును పరిశీలించి గుర్తుపట్టడం మన దేశంలో కొత్త కాదు, బొంబాయిలో దానికి లోతైన చరిత్ర ఉంది. ‘గ్రేస్ అనాటమీ’ అనే శరీర నిర్మాణ గ్రంథానికి బొమ్మలు గీసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ 1858లో బొంబాయికి వచ్చి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో బోధిస్తూ, 1874లో కుష్ఠుపై గ్రంథం వెలువరించాడు. 1890లో నేటి వడాలా దగ్గర ఆక్‌వర్త్ ఆసుపత్రి వెలసింది.

కుష్ఠు ప్రతిచర్య, స్వీట్ రోగం రెండింటిలోనూ తెల్లరక్తకణాలు పెరుగుతాయి, కళ్లు ఎర్రబడవచ్చు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే రెండూ తగ్గుముఖం పడతాయి కాబట్టి, మందుకు తగ్గింది గనుక రోగం ఫలానాదే అని తేల్చడానికి వీల్లేదు. అసలు ఆధారం వైద్యుడి చేతివేళ్ల దగ్గర మొదలవుతుంది. రోగిని పగటి వెలుతురులో నిలబెట్టి, ఒళ్లంతా చూసి, కళ్లు మూయించి దూదిపోచతో తాకి స్పర్శ ఎక్కడ తగ్గిందో కనిపెట్టాలి. మోచేతి వెనుక, మెడ పక్కన, మోకాలి కింద బయటివైపున నరాలను తడిమి, రెండు వైపులా పోల్చుతూ, అవి లావెక్కాయా, నొక్కితే నొప్పి పెడుతున్నాయా అని గమనించాలి. పైసా ఖర్చులేని ఈ తడుముడే ఈ విద్యలో అన్నిటికన్నా విలువైనది. రద్దీ పేరుతో దానిని కుదించడం రోగికి నిజమైన నష్టం. తరువాత చెవితమ్మెను గట్టిగా పట్టి, రక్తం చేరకుండా చిన్న గాటు పెట్టి గీకిన ద్రవాన్ని గాజుపలక మీద రంగువేసి చూస్తే, కుష్ఠు క్రిములు ఎర్రని కడ్డీలుగా కనిపిస్తాయి.

స్వీట్ రోగంలో స్పర్శ చెడదు, నరాలు లావెక్కవు. బిళ్ళ నీటిబొబ్బలా మెరిసినా, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. చర్మపు ముక్క తీసి పరీక్షించే బయాప్సీలో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు చర్మపు పైభాగంలో దట్టంగా మూగి ఉంటాయి. కుష్ఠు ప్రతిచర్యలో వాపు తరచు కొవ్వు పొర దాకా దిగి, క్రిముల శకలాలు మింగిన నురుగు కణాలు కనిపిస్తాయి. అయితే ఆ ప్రతిచర్య ఒక్కోసారి సూక్ష్మదర్శినిలోనూ స్వీట్ రోగాన్ని పోలి ఉంటుంది. అందువల్ల ముక్కను కొవ్వు పొర అందేటంత లోతుగా తీసి, క్రిములను చూపే ప్రత్యేక రంగు వేయించాలి. 1986లో సూ, లియు ప్రతిపాదించి, 1994లో ఫాన్ డెన్ డ్రీష్ సవరించిన ప్రమాణాల ప్రకారం, స్వీట్ రోగమని చెప్పాలంటే, హఠాత్తుగా లేచిన నొప్పి బిళ్ళలు, బయాప్సీలో కనిపించే న్యూట్రోఫిల్ గుంపులు అనే రెండు ప్రధాన లక్షణాలకు తోడు జ్వరం, రక్తపరీక్షల వంటి రెండు చిన్న లక్షణాలైనా ఉండాలి.

పొరపాటుకు రెండు వైపులా మూల్యం ఉంది. కుళాయి, వరండా అందరికీ ఉమ్మడిగా ఉండే బొంబాయి చాల్‌లో ‘పెద్దరోగం’ అనే మాట ఒక్కసారి పుడితే గదిలో ఆగదు. 2019లో చట్టాన్ని సవరించే వరకు విడాకులకు కుష్ఠు ఒక కారణంగా ఉండేది. మరోవైపు, స్వీట్ రోగుల్లో సుమారు ఐదో వంతు మందికి లోపల ఏదో ఒక క్యాన్సర్, ఎక్కువగా అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉంటుంది. చర్మపు బిళ్ళలు దానికన్నా ముందే కనిపించవచ్చు కాబట్టి, కుష్ఠు కాదని తేలిన రోగిని బిళ్ళలు మాయం కాగానే ఇంటికి పంపివేయకుండా, రక్తకణాల లెక్కను కొన్నాళ్లపాటు మళ్లీ మళ్లీ చూడవలసి ఉంటుంది.