పైనున్న నాలుగు లైన్లు

మీ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, ఫోన్ వివరాల దాకా వెళ్లి, లీగల్ సమాచారం అన్నదాన్ని నొక్కితే ఓ పేజీ వస్తుంది. వేలు నొప్పి పుట్టేదాకా జరిపినా అయిపోదు. లైసెన్సు కింద లైసెన్సు, పేరు కింద పేరు. చదివేవాళ్లు ఎవరుంటారు అనుకుంటాం. స్వీడన్‌లో ఉండే డేనియల్ స్టెన్‌బర్గ్‌ను అడిగితే వేరే సంగతి చెబుతాడు. నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే 'కర్ల్' అనే ప్రోగ్రాము 1998లో ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఇవాళ ఫోన్లలో, టీవీల్లో, కార్లలో అది లేని చోటు వెతకాలి. కారులో నావిగేషన్ మొరాయిస్తే, స్క్రీన్ మీద ఇంకే చిరునామా దొరక్క, లైసెన్సు పేజీలో కనిపించిన ఆయన మెయిల్‌కే సాయం అడుగుతూ రాసినవాళ్లున్నారు!

కర్ల్ లైసెన్సు ఎమ్‌ఐటీ లైసెన్సుకు దగ్గరి చుట్టం. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఎవరు రాశారో చెప్పే కాపీరైట్ లైను, ఈ అనుమతి ఇచ్చే మాటలు మాత్రం కాపీ వెంట ఉండాలి. ఇంతకన్నా చౌకైన బేరం ఎక్కడుంది? అయినా ఎగ్గొట్టేవాళ్లకు కొదవలేదు.

రివ్యూకి వచ్చిన ఫైల్లో అరువు కోడ్ ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా హడావుడిగా నడిచిన రాత ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. వేరియబుల్ పేర్లు పొడుగవుతాయి, ట్యాబుల చోట స్పేసులొస్తాయి, కామెంట్లలో ఇంగ్లిషు వ్యాకరణం చక్కబడుతుంది.

"ఇదెక్కణ్నించి తెచ్చావు?"

"గిట్‌హబ్‌లో ఉందన్నా. ఓపెన్ సోర్సే."

"మరి పైనుండే నాలుగు లైన్లేవి?"

"కామెంట్లే కదా అని తీసేశా."

ప్రోగ్రాము నడవడానికి ఆ లైన్లతో పనిలేదు, నిజమే. ప్రోగ్రాము మన దగ్గర ఉండటానికి హక్కిచ్చింది మాత్రం అవే. వాటిని తీసేస్తే మిగిలేది అనుమతి లేని కోడ్.

ఇదంతా చాదస్తం అనేవాళ్లకు నేను బొమ్మరైళ్ల కేసు చెబుతాను. రాబర్ట్ జేకబ్సన్ బర్క్‌లీలో ఫిజిక్స్ ప్రొఫెసరు, సరదాకి బొమ్మరైళ్లు నడిపే మనిషి. తనలాంటి మరికొందరితో కలిసి కంప్యూటర్‌తో ఆ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచాడు. ఒక్కో బొమ్మ ఇంజిన్లో ఒక్కో తయారీదారు చిప్పు ఉంటుంది. దేని సెట్టింగులు దానివి. ఆ వివరాలన్నీ ఓపిగ్గా ఫైళ్లలోకి ఎక్కించారు వాళ్లు. అదే రంగంలో సాఫ్ట్‌వేర్ అమ్ముకునే మాథ్యూ కాట్జర్ వచ్చి, నా పేటెంటును ఉల్లంఘించావు, 2 లక్షల డాలర్ల పైచిలుకు కట్టమన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కాక తేలిందేమంటే, కాట్జర్ అమ్మే సరుకులోనే జేకబ్సన్ బృందం ఫైళ్లున్నాయి. రాసినవాళ్ల పేర్లు లేవు, కాపీరైట్ లైన్లు లేవు, ఏం మార్చారో చెప్పే మాట లేదు. వాళ్లు పెట్టుకున్న ఆర్టిస్టిక్ లైసెన్సు ఇవన్నీ ఉంచాలంటుంది.

కింది కోర్టు దీన్ని తేలిగ్గా తీసుకుంది. మహా అయితే ఒప్పందం తప్పడమే తప్ప కాపీరైట్ ఉల్లంఘన కాదంది. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ మాట కొట్టేసింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతుకు విలువ లేకుండా పోదు, రాసినవాడికి వచ్చే పేరూ ఓ రాబడే, షరతు తప్పితే కాపీరైట్ కింద అడగొచ్చు అని దాని సారాంశం. 2010లో రాజీ కుదిరి, కాట్జర్ లక్ష డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. బొమ్మరైళ్ల కోసం!

పేరు చెప్పించుకోవడంలోనూ అతి ఉంటుంది లెండి. పాత బీఎస్‌డీ లైసెన్సు, ఈ కోడ్ సంగతి ఎత్తే ప్రతి ప్రకటనలో బర్క్‌లీ యూనివర్సిటీ పేరు వేయాలనేది. అది చూసి తలా ఒకరు ఆ వాక్యంలో తమ పేరు చేర్చుకున్నారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీలో అలాంటివి 75 వాక్యాలున్నట్టు రిచర్డ్ స్టాల్‌మన్ లెక్క తేల్చాడు. అన్నీ అచ్చేస్తే సరుకు సంగతి రాయడానికి చోటెక్కడ? 1999లో బర్క్‌లీ ఆ షరతు ఎత్తేసి మంచిపని చేసింది. జీపీఎల్ అనే లైసెన్సుది వేరే దారి. పేరుతో సరిపోదు, ప్రోగ్రాము పంచితే సోర్సూ ఇవ్వాలి. దాని గురించి ఇంకో వారం.

నా పద్ధతి చెబుతాను. తెచ్చిన ఫైలును ఒక్క అక్షరం ముట్టుకోకుండా విడి ఫోల్డర్లో పెట్టి, మార్పుల లెక్క రాసే గిట్‌లో ముందు కమిట్ చేస్తాను. ఎక్కడిది, ఏ వెర్షను, ఏ లైసెన్సు అన్నది ఆ కమిట్ మెసేజిలోనే రాస్తాను. నా మార్పులు రెండో కమిట్లో వస్తాయి. ఎవరిదెంతో గిట్టే చెబుతుంది. మార్చిన ఫైళ్లలో మార్చామని రాయమనే అపాచీ లైసెన్సుకు ఫైలు పైన ఇంకో లైను చేరుస్తాను. వెబ్ పేజీలకైతే ఓ చిన్న చిట్కా ఉంది. కోడ్‌ను కుదించే ప్రోగ్రాములు కామెంట్లన్నీ ఊడ్చేస్తాయి. అదే /* పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెట్టి /*! అని మొదలెడితే వాటిలో చాలావరకు ఆ కామెంటు జోలికి రావు. రాసినవాడి పేరు నిలవడానికి ఒక్క గుర్తు చాలు.

ఫాంట్ల దగ్గర జనం అనవసరంగా భయపడతారు. రామభద్ర, మల్లన్న, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతున్నాయి. వాటితో పెళ్లికార్డు అచ్చేస్తే ఎవరి పేరూ వేయక్కర్లేదు. ఫాంటు ఫైలును మీ యాప్‌లో కలిపి పంచితే మాత్రం కాపీరైట్ లైనూ లైసెన్సూ వెంట వెళ్లాలి. ఫాంటును విడిగా అమ్మడం కుదరదు.

అసలు చిక్కు ఏ లైసెన్సూ లేని కోడ్‌తో. గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తోంది కాబట్టి అందరిదీ అనుకుంటారు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లో చేర్చింది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు రాసినవాడిదే. అందుకని అలాంటిది నచ్చితే రాసినవాళ్లకు రెండు ముక్కలు రాస్తాను: మీ కోడ్ వాడుకోవాలని ఉంది, ఏ లైసెన్సు కింద ఇస్తారు? పెట్టడం మర్చిపోయామంటూ ఆ ఫైలు చేర్చేసేవాళ్లే ఎక్కువ. జవాబు రాకపోతే ఆ కోడ్ మూసేసి నాది నేను రాసుకుంటాను.