బండి ఆగితేనే ముల్లు లేస్తుంటే

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. అదే కారు కోరుట్ల రోడ్డెక్కి వేగం అందుకోగానే ముల్లు మళ్లీ సగానికి దిగుతుంది. వేములవాడ రాజన్న గుడి దగ్గర బండ్ల బారులో ఇరుక్కున్నప్పుడూ ఇదే వరస, సిరిసిల్ల తోవ పట్టాక అంతా మామూలే. ఈ సంగతి చెప్పగానే చాలా షెడ్లలో వినిపించే మొదటి మాట ‘రేడియేటర్ మార్చాలె’, రెండో మాట ‘వాల్వ్ తీసేద్దాం’, వాల్వ్ అంటే థర్మోస్టాట్. రెండూ తొందరపాటు మాటలేనని నా వాదన. ముల్లు ఎప్పుడు లేస్తోంది, ఎప్పుడు దిగుతోంది అన్నదాంట్లోనే సగం జవాబు ఉంది. స్పానర్ పట్టకముందే ఆ సాక్ష్యం వినాలి.

ఇంజన్ పుట్టించే వేడి దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 700, 800 చుట్లే తిరుగుతుంది, కాలే ఇంధనమూ తక్కువే. 63వ నంబరు జాతీయ రహదారి మీద ఐదుగురితో, ఏసీతో, 80 వేగంతో పోతుంటే అంతకు ఎన్నో రెట్ల వేడి పుడుతుంది. ఆ వేడిని గంటసేపు బయటికి పారబోసిన రేడియేటర్ లోపల పూడిపోయిందని ఎలా అంటాం? అంతసేపు కూలెంట్‌ను తిప్పిన పంపును ముందే ఎందుకు విప్పుతాం? థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటే హైవే మీదే బయటపడేది. రోడ్డు మీద ఉండి చౌరస్తాలో లేనిది ఒక్కటే, ఎదురుగాలి. పరుగెత్తే కారుకు గాలి ఊరికే దొరుకుతుంది, ఆగిన కారుకు దాన్ని ఫ్యాన్ తెచ్చిపెట్టాలి. కాబట్టి మొదటి అనుమానం గాలి మీదికే పోవాలి.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని కంటితో చూసి వదిలేస్తే చాలదు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ లేవాలి. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేనప్పుడు ఇంజన్ ఎంత కాగినా కదలకపోతే మోటార్ మంచిదే, వేడిని పసిగట్టే సెన్సార్ వైపు, దాని వైరింగ్ వైపు వెతకాలి. ఏసీతోనూ కదలకపోతే బ్యాటరీ నుంచి మోటార్‌కు నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. అప్పుడు తిరిగితే తప్పు ఫ్యూజులోనో రిలేలోనో ఎర్త్‌లోనో ఉంది. రెండు వేగాల ఫ్యాన్‌కు రెసిస్టర్ కాలిపోతే చిన్న వేగం పోయి, ముల్లు బాగా పైకెక్కితే గాని లేవదు. బ్రష్‌లు అరిగిన మోటార్ తిరుగుతుంది గానీ ఊపు ఉండదు. మోటార్ మార్చినప్పుడు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, లోపలికి లాగాల్సిన గాలిని బయటికి నెడుతుంది. గ్రిల్‌కు ఒక కాగితం ఆనించి చూస్తే పీలుస్తోందో తోస్తోందో తేలిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే రేడియేటర్‌కూ దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కూ మధ్య సందులో లైటు వేసి చూడాలి. కోతల కాలం దుమ్ము, వడ్ల పొట్టు అక్కడ చాపలా పేరుకుంటాయి, ముందు నుంచి చూస్తే మాత్రం అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. బండి ఆగినప్పుడల్లా ఏసీ చల్లదనం కూడా తగ్గుతోందంటే గాలి మీది అనుమానం మరింత బలపడుతుంది.

మా దగ్గర ఎండలు 45 డిగ్రీలకు పోతాయి, ఇంజన్ వేడెక్కదా అనేవారున్నారు. ఫ్యాన్ లేచే సరికి కూలెంట్ వేడి 95 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బయటి గాలికీ దానికీ ఇంకా 50 డిగ్రీల తేడా ఉంది, గాలి ఆడితే ఆ తేడా చాలు. మా ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయి స్టీరింగ్ పట్టినవాళ్లను అడగండి. అక్కడా అంతే ఎండ, అయినా బాగున్న కారు ఏసీతో ట్రాఫిక్‌లో నిలబడుతుంది. వాల్వ్ తీసేస్తే తగ్గింది కదా అన్నది ఇంకో మాట. ఆగినప్పుడు లేని గాలిని వాల్వ్ తీసివేత పుట్టించలేదు. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటే అడ్డదారిని కూడా మూస్తుంది, దాన్ని తీస్తే కొంత కూలెంట్ రేడియేటర్ వైపు పోకుండానే తిరిగొస్తుంది. చలి ఉదయాల్లో ఇంజన్ వేడందుకోక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఫ్యాన్‌ను ‘డైరెక్ట్’ చేయడం ఒక్కరోజు ఇల్లు చేరడానికి సరే, మరమ్మతు మాత్రం కాదు.

నా సూత్రానికి మినహాయింపులు లేవనను. కూలెంట్ తగ్గినా, లోపల గాలి బుడగ చిక్కినా, మూత ఒత్తిడి నిలపకపోయినా ఆగిన చోటే ముల్లు లేవవచ్చు, అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి మట్టం చూడటం అన్నింటికన్నా ముందు. కొండగట్టు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కితే అది వేరే కేసు. అక్కడ వేగం తక్కువే గానీ బరువు ఎక్కువ, రేడియేటర్‌నూ పంపునూ కూడా అనుమానించాల్సిందే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండైతే లోపల పేరుకున్న సున్నం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంత చూసే తీరిక మెకానిక్‌కు ఎక్కడిది అంటే, ఆ తప్పులో మన వాటా ఉంది. కొత్త రేడియేటర్‌కు వేలు తీసిస్తాం, అరగంట కూర్చుని లోపం పట్టినందుకు వంద ఇవ్వడానికి వెనకాడతాం. సామాను మారిస్తేనే డబ్బు వచ్చే చోట సామాను మారుతూనే ఉంటుంది. ఈసారి తాళం చేతికిచ్చేటప్పుడు ముల్లు ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో, ఏసీ ఉందో లేదో చెప్పండి. కూలెంట్ మట్టం చూశాక ముందు ఫ్యాన్ చూడమనండి. ఏ సామానూ మార్చకుండా లోపం పట్టి ఇస్తే, ఆ పనికి అడిగిన కూలి ఇవ్వండి.