ఒక మాటకు నొకే యర్థమా?

ఎచ్చెర్లవంటి యూళ్లలో నింగ్లీషు నేర్చు పిల్లలకు మొదట దొరకునది మాటల పట్టిక. ‘రన్’ అనఁగాఁ బరుగెత్తుట యని వల్లించిన బాలిక, పాఱు నదికి, కారు ముక్కునకు, బడి నడుపు పెద్దకు నదే మాట వచ్చినపుడు దిక్కుతోఁచక నిలుచును.

అమరకోశమున నానార్థవర్గము కలదు గదా యందురు. హరి యనఁగా విష్ణువు, సింహము, గుఱ్ఱము, కప్ప, వల్లించినఁ జాలును. అది నామములకుఁ దగిన త్రోవ. ఇంగ్లీషు క్రియకు నర్థము పొరుగు మాటలవలనఁ గలుగును. మన ‘పట్టు’ను జూడుఁడు: నిద్ర పట్టును, చెమట పట్టును, త్రుప్పు పట్టును, పనికి నెల పట్టును. పరదేశి దీనిని నొక్క యర్థముతో నేర్వఁగలఁడా?

1863లో శ్రీకాకుళమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోట విని వారి భాష నేర్చిరి. వారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. వాడుకనుండి యర్థమునకుఁ బోవు నా పద్ధతియే మన బడులకుఁ గావలయును.

తల్లిదండ్రులారా! బిడ్డకు నెన్ని మాటలు వచ్చునని యడుగకుఁడు. ఒక్క మాటను నెన్ని వాక్యములలో వాడఁగలదో యడుగుఁడు. పట్టిక వల్లించి చిక్కుపడిన బాలికను మందమతి యని బడి మాన్పించుట, మన బోధనాదోషమునకు నామెను శిక్షించుటయే.