రాచపుండు చరిత్రలో సుబ్బారావుగారు

క్యాన్సర్‌ను మనవారు పూర్వం రాచపుండు అన్నారు. డాక్టర్ సిద్ధార్థ ముఖర్జీగారు 2010లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథానికి ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’, అనగా సర్వరోగ సార్వభౌముడు, అని పేరు పెట్టినారు. రెండు పేర్లూ ఒకే దారిన పోయినవి. నాకు నచ్చనిది ఈ రాచరికమే.

తెలుగు పాఠకుడు ముందుగా చదవదగినది సిడ్నీ ఫార్బర్‌ను గురించిన భాగం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి కొలువు చేసి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన నడిపిన వైనం ఇందులో ఉన్నది. కణం రెండుగా చీలాలంటే దాని డి.ఎన్.ఏ. రెట్టింపు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఫార్బర్ ఆ జాతి పదార్థాలను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి ముదిరింది. అప్పుడు సుబ్బారావుగారి బృందం తయారుచేసిన విరుగుడు, ఎమైనోప్టెరిన్, వాడినారు. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది, తాత్కాలికంగా. గ్రంథాన్ని అంకితమిచ్చిన పసివాడు రాబర్ట్ శాండ్లర్ ఆ ఏడే చనిపోయినాడు. ఈ ఓటమిని దాచకపోవడం గ్రంథకర్త గొప్పతనం.

కొరత రసాయనశాస్త్రం దగ్గర ఉన్నది. హత్నూర మండలంలో బొర్పట్ల, గుండ్లమాచనూరు వైపు మందుల కర్మాగారాలలో పనిచేసే కెమిస్టు మొదట అడిగేది, అణువులో ఏమి మార్చారని. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట హైడ్రాక్సిల్ బదులు ఎమైనో సమూహం పెట్టినారు, అంతే! కణంలోని ఎంజైము మోసపోయి దీనిని పట్టుకొని వదలదు, డి.ఎన్.ఏ. తయారీ ఆగిపోతుంది. త్వరగా పెరిగే మజ్జ, పేగుల లోపొర కూడా దెబ్బతింటవి. దీనికి ఒక మిథైల్ సమూహం చేర్చినదే నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్. ఇంత రసవత్తరమైన సంగతిని గ్రంథకర్త ఉపమానాలతో దాటించినారు.

ఇక పేరు సంగతి. కోళ్లకు గడ్డలు పుట్టించే వైరస్‌లోని జన్యువు నిజానికి ఆరోగ్యమైన కోడి కణంలోనిదేనని బిషప్, వార్మస్‌లు 1976లో చూపినారు. ముఖర్జీగారే దీనిని చక్కగా విప్పి చెప్పినారు. మన పెరుగుదలను నడిపే జన్యువులే చెడి క్యాన్సర్ అయితే, దండెత్తి వచ్చిన చక్రవర్తి ఎక్కడ? ఇది అంటుతుందేమోనని రోగి కంచం, గ్లాసు వేరుచేసే ఇళ్లలో ఇటువంటి పేరు భయాన్నే పెంచుతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్‌ను చూడండి. 9, 22 క్రోమోసోములు ముక్కలు మార్చుకొన్నందువల్ల ఒక రకం రక్త క్యాన్సర్‌లో పుట్టే ఎంజైమును అది పట్టి ఆపుతుంది. ఎమైనోప్టెరిన్ వలె చీలే కణాలన్నిటి మేతనూ ఆపదు.