ప్రసంగీకుడి పక్కన రెండో గొంతు

ఏడాది పొడవునా దేశదేశాలు తిరిగే క్రైస్తవ ప్రసంగీకుడికి పెట్టె మారదు, ప్రసంగమూ పెద్దగా మారదు. దుబాసీ మాత్రం ఊరూరా మారతాడు. క్రైస్తవ విద్యార్థి ఉద్యమ నాయకుడు జాన్ మాట్ 1895-97 మధ్య విద్యార్థులను కలుస్తూ 20కి పైగా దేశాలు చుట్టివచ్చాడు. అలాంటి యాత్రల్లో వేదిక మీది రెండో మనిషి పేరు సాధారణంగా చరిత్రకెక్కదు. 1973లో అమెరికన్ ప్రసంగీకుడు బిల్లీ గ్రాహం సియోల్‌లో ప్రసంగించినప్పుడు ఆ మాటలను కొరియన్‌లో చెప్పిన కిమ్ జాంగ్ హ్వాన్ అరుదైన మినహాయింపు. మాటలతోపాటు గ్రాహం చేతుల కదలికనూ, గొంతు ఎత్తునూ ఆయన సభకు అందించాడు.

తెలుగు కూటాల్లో ఈ పని మరీ చిక్కు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, తెలుగులో అది చివరి దాకా ఆగాలి. ప్రసంగీకుడు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటే, దుబాసీ చేతికి క్రియ అందినా దాన్ని పలికే వీలుండదు. పైగా 'హీ' అనే ఒక్క మాటకు వాడు, అతడు, ఆయన అని మూడు మెట్లు. యేసుకు ఆయన తప్పదు. తప్పిపోయిన కుమారుణ్ణి పాత తెలుగు బైబిలు వాడు అనే అంటుంది. లేఖన వచనం రాగానే మంచి దుబాసీ అనువాదం మానేసి, సభకు కంఠతా వచ్చిన బైబిలు మాటలనే పలుకుతాడు. బేస్‌బాల్ మీద హాస్యోక్తి వస్తే మాత్రం క్రికెట్‌కు మళ్లించడమో, దాటేయడమో అతని ఇష్టం.